ముగ్గు మీద మూడు చుక్కలు: మా అంబాసిడర్ డిఫరెన్షియల్ డైరీ

కనుమ నాడు

బండి: 1977 అంబాసిడర్ మార్క్ 3, పెట్రోలు, 1489 సీసీ ఇంజిన్. నాన్న కొన్నది. ఇప్పుడు నా నెత్తిన ఉంది.

పండక్కి గుడివాడ పక్కన మా పెద్దమ్మ వాళ్ల ఊరు వెళ్లాం. మధ్యాహ్నం ఊరంతా తిరిగొచ్చి, నీడ ఉంది కదా అని వాకిట్లోకి తెచ్చి ఆపాను. సాయంత్రం బండి తీసి చూస్తే రథం ముగ్గు నడుమ మూడు నల్లటి చుక్కలు, ఒక్కోటి రూపాయి బిళ్లంత. పెద్దమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి, "ఒరే, నేను వేసింది చుక్కల ముగ్గు కాదురా. నువ్వెందుకు పెట్టావు చుక్కలు?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ మూడు చుక్కలే నన్ను ముగ్గులోకి దించాయి. నెలన్నర నుంచీ ఆదివారాలన్నీ బండి కిందే గడుస్తున్నాయి.

తుడిచి వాసన చూశాను. గంధకం ఘాటు, దీపావళి మర్నాడు వాకిలి వాసన లాంటిది. అంటే గేర్ ఆయిలే. వెనక చక్రాల మధ్య నుంచి కారింది కాబట్టి డిఫరెన్షియల్‌ది, అంటే ఇంజిన్ బలాన్ని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల పెట్టెది. అందులో ఇంజిన్ వైపు నుంచి తిరిగే చిన్న గేరు పినియన్. దాని షాఫ్టు చుట్టూ ఆయిలు ఆపే సీలు రెండేళ్లలో రెండుసార్లు మార్పించాను. ఇది మూడోసారి.

మొదటి ఆదివారం

ముందు ఫిర్యాదులు రాసుకున్నాను. ఒకటి, ఆయిలు కారడం. రెండు, గేర్లో వేసి క్లచ్ వదలగానే వెనక నుంచి "టక్" మని దెబ్బ. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినా అదే. మూడు, యాభై దాటాక వెనక సీటు కింద తుమ్మెద దూరినట్టు రొద. ఎడమ వెనక బ్రేకు కూడా ఈ మధ్య సరిగ్గా పట్టడం లేదు. దానికీ దీనికీ సంబంధం ఉందని అప్పటికి తోచలేదు.

ఆటోనగర్లో నాకు తెలిసిన మేస్త్రి విని, "హౌసింగ్ మొత్తం మార్చేయండి సార్, క్రౌన్ పినియన్ పోయింటది. పాత ముక్కల కొట్టులో దొరుకుద్ది, సాయంత్రానికి బండి తీసుకెళ్లిపోతారు" అన్నాడు. క్రౌన్ అంటే పినియన్ తిప్పే పెద్ద పళ్ల చక్రం, హౌసింగ్ అంటే ఇవన్నీ కూర్చునే పెట్టె. ఆయన లెక్క ఆయనది, రోజుకి పది బళ్లు చూసే మనిషి. నా అనుమానం ఒకటే. తుక్కులోంచి వచ్చే హౌసింగ్ ఎవరో నలభై ఏళ్లు వాడి పడేసింది. దాని జబ్బులు నాకు తెలియవు. నా దాని జబ్బులు కనీసం నేను కనిపెట్టగలను.

ఈ బండిలో ఒక సుఖం ఉంది. అంబాసిడర్ 1956 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 బండే. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1950ల చివర మొదలై 2014 దాకా తయారైంది. కింద ఉన్న యాక్సిల్ బీఎంసీ అనే బ్రిటిష్ కంపెనీ బి రకం కుటుంబంలోది. ఎంజీఏ అనే ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు కిందా ఆ కుటుంబందే ఉంటుంది. కాబట్టి ఆ కారు వర్క్‌షాప్ పుస్తకం మన అంబాసిడర్ వెనక చక్రాల మధ్యకి కూడా దారి చూపిస్తుంది.

ఇవాళ చేసింది శుభ్రం చెయ్యడం ఒక్కటే. కిరోసిన్, వైర్ బ్రష్, పాత పంచె. మూడేళ్ల కిందట తుప్పు పట్టకుండా అడుగుభాగమంతా నల్ల కోటింగ్ కొట్టించాను. దాని మీద ఆయిలు, దాని మీద మట్టి, పొరలు పొరలుగా మినప్పిండి రొట్టె మాడినట్టు పట్టి ఉంది. కింద ఎక్కడ చూసినా తడే. ఈ స్థితిలో లీకు ఎక్కడో చెప్పగలనన్నవాడు జ్యోతిష్కుడే అయ్యుండాలి. బండి పరిగెత్తేటప్పుడు గాలి ఆయిల్ని వెనక్కి నెట్టుకుపోతుంది, ఆగాక అది పల్లానికి జారుతుంది. చుక్క రాలిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు.

తుడిచి ఆరాక మా ఆవిడ ముఖం పౌడరు డబ్బా తీసుకెళ్లి పినియన్ చుట్టూ, కారియర్ (గేర్లని మోసే ముందు ముక్క) హౌసింగ్‌కి అతికే చోటు చుట్టూ, చక్రాల వెనక పళ్లేల మీద దట్టంగా చల్లాను. డబ్బా సగమైంది. దాని సంగతి తర్వాత.

సోమవారం రాత్రి

ఆఫీసు నుంచి వచ్చి కంకిపాడు దాకా వెళ్లొచ్చాను. బందరు రోడ్డు బాగుంది కదా అని రొదని వేరు చేసే పరీక్షలు కూడా చేశాను. యాభై అయిదుకి వచ్చాక తొక్కి పట్టుకుంటే రొద ఉంది. కాలు తీసేస్తే తగ్గి, స్వరం మారింది. న్యూట్రల్లో వదిలేస్తే దాదాపు లేదు. టైరు రొదైతే న్యూట్రల్లోనూ పోదు, రోడ్డు మారితే మారుతుంది. చక్రం బేరింగైతే మలుపులో బరువు ఒక పక్కకి పడగానే పెరగాలి లేదా తగ్గాలి. ఈ రొద మలుపుల్ని పట్టించుకోలేదు, కాలిని మాత్రమే పట్టించుకుంది. ఇంజిన్ బలం పినియన్ మీద పడితే ఒక పాట, చక్రాలే పినియన్ని తిప్పుతుంటే ఇంకో పాట. అంటే జబ్బు పినియన్ దగ్గరే, దాని బేరింగుల్లోనో పళ్లలోనో.

ఇంటికి రాగానే వేడి మీదే ఫిల్లర్ ప్లగ్ విప్పాను, ఆయిలు మట్టం చూద్దామని. మరలు ఇంకా రెండు మూడు ఉండగానే "ఉస్స్" మంది, సోడా మూత తీసినట్టు. ఆయిలు వేడెక్కింది కదా అనుకుని ఊరుకున్నాను. ఈ వాక్యం కింద ఇప్పుడు ఎర్ర గీత పెట్టుకున్నాను. జవాబు ఆ రాత్రే నా మొహం మీద ఊదింది, నేనే వినలేదు.

మట్టం చూస్తే రంధ్రానికి చిటికెన వేలు కణుపంత కిందకి ఉంది.

మంగళవారం ఉదయం

రాత్రి కింద పరిచిన ఫ్రిజ్ అట్టపెట్టె మీద అయిదు చుక్కలు. నాలుగు పినియన్ కింద. ఒకటి ఎడమ చక్రం లోపలి వైపు. టార్చి పట్టి చూస్తే పౌడరు మీద తడి దారి స్పష్టంగా ఉంది: పినియన్ ఫ్లాంజ్ (ఇంజిన్ వైపు నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టుని బిగించే పళ్లెం) వెనక సన్నటి వలయంగా పుట్టి, కారియర్ ముక్కు మీదుగా కింది నట్టు దాకా పాకింది. కారియర్ అతుకు చుట్టూ పౌడరు పొడిగానే ఉంది. మేస్త్రి దాన్నే అనుమానించాడు.

ఎడమ చక్రం డ్రమ్ము తీశాను. బ్రేకు లైనింగు అంచు నల్లగా తడిసి ఉంది. ఇది గేర్ ఆయిలా, వీల్ సిలిండర్ నుంచి వచ్చిన బ్రేక్ ఆయిలా? గాజు గ్లాసులో నీళ్లు పోసి, చిన్న గుడ్డముక్కతో ఆ తడిని అద్ది అందులో ముంచాను. బ్రేక్ ఆయిలైతే నీళ్లలో కలిసిపోతుంది. ఇది పైకి తేలి, ఇంద్రధనుస్సు రంగులతో పొరగా పరుచుకుంది. గేర్ ఆయిలే. యాక్సిల్ గొట్టం వెంట వచ్చి, హబ్ (చక్రం నడిమి భాగం) సీలు దాటి బ్రేకులోకి దిగింది. ఎడమ బ్రేకు ఎందుకు పట్టడం లేదో కూడా తెలిసింది.

ఒకేసారి రెండు చోట్ల నుంచి. అప్పటికీ నాకు వెలగలేదు, రెండు సీళ్లూ ముసలివైపోయాయని రాసుకున్నాను.

రెండో ఆదివారం

మేనల్లుడు వచ్చాడు. మెకానికల్ మూడో ఏడాది. "డిఫరెన్షియల్ బొమ్మ పరీక్షలో వేశాను మావయ్యా, లోపల ఎప్పుడూ చూళ్లేదు" అన్నాడు. పరీక్షలో ఎన్ని మార్కులొచ్చాయని అడగలేదు.

ఇవాళ "టక్" సంగతి. కుడి చక్రం మాత్రం జాకీ ఎత్తి, ఎడమది నేల మీదే ఉంచి, ముందు చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, న్యూట్రల్లో ఉంచాం. ముందుగా నిష్పత్తి లెక్క. పైకి లేచిన చక్రాన్ని రెండు చుట్లు తిప్పితే క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుంది, ఎందుకంటే రెండో చక్రం కదలడం లేదు. ఫ్లాంజ్ మీద సుద్దముక్కతో గీత గీసి నేను కింద లెక్కపెడుతుంటే వాడు చక్రం తిప్పాడు. నాలుగున్నర చుట్లు దాటి ఇంకాస్త. పినియన్ మీద 9 పళ్లు, క్రౌన్ మీద 41 అయితే 4.55. సరిపోయింది. తర్వాత విప్పి పళ్లు లెక్కపెట్టినా అంతే.

ఇక ఆట, అంటే భాగాల మధ్య వదులు. వాడు చక్రాన్ని మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపుతాడు. ఫ్లాంజ్ మీద సుద్ద గీత ఎప్పుడు కదలడం మొదలవుతుందో నేను చెప్తాను. ఫ్లాంజ్ కదలనంత సేపూ తిరిగిందంతా యాక్సిల్ లోపలి ఖాళీయే; గేర్ బాక్సుకి, ప్రొపెల్లర్ షాఫ్టుకి, దాని క్రాసులకి ఇందులో పాపం లేదు. టైరు తొక్క మీద కొలిస్తే 22 మిల్లీమీటర్లు.

ఇక్కడ కాగితం, కలం తీసుకున్నాం. క్రౌన్ పళ్లకీ పినియన్ పళ్లకీ మధ్య ఆట బాగా పెరిగి 12 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఉందనుకుందాం, అంటే 0.3 మిల్లీమీటర్లు. క్రౌన్ వ్యాసార్ధం సుమారు తొమ్మిది సెంటీమీటర్లు, టైరుది ముప్ఫై రెండున్నర. నేల మీది చక్రం ఆగి ఉంది కాబట్టి పైది క్రౌన్‌కి రెట్టింపు తిరుగుతుంది. ఇవన్నీ గుణిస్తే టైరు మీద 2 మిల్లీమీటర్ల చిల్లర. మిగతా ఇరవై ఎక్కడివి? మేనల్లుడు కాగితం వంక చూసి, "అయితే క్రౌన్ పినియన్ కాదు మావయ్యా, లోపలి స్టార్ పినియన్లు" అన్నాడు. మలుపుల్లో రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే చిన్న గేర్లవి, క్రౌన్‌తో తిరిగే గూట్లో ఉంటాయి. వాడికి పరీక్షలో మంచి మార్కులే వచ్చి ఉంటాయి.

ఆటోనగర్లో "టక్" మంటే క్రౌన్ పోయిందని తీర్పు. ఈ 22 మిల్లీమీటర్ల కొలతకి పది నిమిషాలు పట్టింది, ఒక జాకీ, ఒక సుద్దముక్క ఖర్చు.

మూడో ఆదివారం

విప్పాం. ఆయిలు దింపేటప్పుడు ప్లాస్టిక్ టబ్బు కడిగి, తుడిచి పెట్టాను. ఆయిల్లో ఏముందో చూడాలంటే టబ్బులో ముందే ఏమీ ఉండకూడదు. నల్లగా, చిక్కగా, ఎండకి పెడితే వెండి పొడి కలిపినట్టు మెరుపు. ఫ్రిజ్ తలుపుకి అంటించే అయస్కాంతం పాలిథిన్ కవర్లో చుట్టి అందులో తిప్పాను. కవరుకి బూడిదరంగు ముద్ద పట్టింది, వేళ్ల మధ్య నలిపితే కాటుకలా మెత్తగా ఉంది. ఇన్నేళ్ల బండికి అది మామూలే. గరుకు రేకులు, పళ్ల ముక్కలు తగిలితే భయపడాలి. అయస్కాంతానికి అంటనివి మాత్రం టబ్బు అడుగున దొరికాయి: పసుపు పచ్చటి రేణువులు, చిన్న రేకు ముక్కలు. రాగి జాతి లోహం. ఈ పెట్టెలో అలాంటి లోహం ఉండేది స్టార్ పినియన్ల వెనక వాషర్లలోనే.

ఈ యాక్సిల్‌లో షాఫ్టులు తియ్యడం తేలిక. త్రీ క్వార్టర్ ఫ్లోటింగ్ రకం: చక్రం బేరింగు యాక్సిల్ గొట్టం మీదే కూర్చుని ఉంటుంది, షాఫ్టు ప్రధానంగా తిప్పే పనే చేస్తుంది. డ్రమ్ము తీసి, ఫ్లాంజ్ విప్పి రెండూ బయటికి లాగాం. షాఫ్టు కొసల గాడులు (స్ప్లైన్లు) పర్వాలేదు, మెలి పడలేదు. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పే ముందు రెండు ఫ్లాంజులకీ కలిపి గీత గీశాను, మళ్లీ అదే వరుసలో బిగించడానికి. కారియర్ నట్లన్నీ తీశాక అది ముందు వైపుకి బయటికొస్తుంది. ఒక్కడి చేతికి ఆగే బరువు కాదు. నేను ఆపగలననుకున్నాను. అది నా ముంజేతి మీదుగా ట్రాలీ జాకీ మీదకి దిగింది. నీలం మచ్చ వారం ఉంది.

నాలుగో ఆదివారం, బల్ల మీద

విప్పడానికి ముందే కొలతలు. విప్పాక కొలవడానికేమీ ఉండదు. అయస్కాంతం స్టాండుకి డయల్ గేజ్ బిగించి, ముల్లు క్రౌన్ పంటికి ఆనించి, నాలుగు చోట్ల ఆట చూశాం. 7, 8, 8, 9 థౌ. మసి తుడిస్తే క్రౌన్ మీద కంపెనీ చెక్కిన అంకె కనిపించింది: .006. నలభై ఏళ్ల పైబడిన సంసారానికి రెండు మూడు థౌల ఎడం పెద్ద తగాదా కాదు. పళ్లు కూడా చూశాను. గుంటలు లేవు, పెచ్చు లేదు, మొహం నున్నగా అరిగి ఉంది.

తర్వాత పినియన్. ఫ్లాంజ్ పట్టుకుని లోపలికీ బయటికీ గుంజితే గేజ్ ముల్లు 3 థౌ ఆడింది. ఉండకూడని ఆట ఇది. ఈ రెండు టేపర్ బేరింగులూ ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉండాలి, ఖాళీ సున్నా కన్నా తక్కువ ఉండాలి. ఇక్కడ వదులుంది కాబట్టి తొక్కినప్పుడు పినియన్ ఒక వైపుకి, కాలు తీసినప్పుడు ఇంకో వైపుకి జరుగుతోంది. రోడ్డు మీద రెండు పాటలు ఎందుకు పాడిందో ఇప్పుడు అర్థమైంది. ఊగే షాఫ్టు మీద ఏ సీలు మాత్రం ఎన్నాళ్లు ఆగుతుంది?

బేరింగు క్యాపులకి సెంటర్ పంచ్‌తో ఎడమకి ఒక చుక్క, కుడికి రెండు పెట్టి విప్పాం. ఇవి అటూ ఇటూ మారితే మళ్లీ సరిగ్గా కూర్చోవు. లోపలి గూడు తీసి, స్టార్ పినియన్ల మధ్య అడ్డంగా ఉండే పిన్ను బయటికి కొట్టాక అసలు దొంగ దొరికాడు. స్టార్ పినియన్ వెనక గిన్నె ఆకారపు వాషర్లు రెండుండాలి. ఒకటి అప్పడంలా పల్చబడి ఉంది. రెండోది లేదు. సగం ముక్క గూట్లో ఇరుక్కుని ఉంది, మిగతా సగం మా టబ్బు అడుగున పసుపు రేణువులైంది. పిన్ను మీద చూపుడు వేలి గోరు పెట్టి జరిపితే రెండు చోట్ల మెట్టు తగిలింది. మైక్రోమీటరుతో కొలిస్తే అరగని చోటుకీ అరిగిన చోటుకీ 0.2 మిల్లీమీటర్ల పైన తేడా. "టక్" ఇదే. మెత్తటి వాషరు పోయాక గేరు ముందు ఖాళీలో కొంత దూరం దొర్లి, తర్వాత గూడుకి గుద్దుకుంటోంది.

వాషర్లు, పిన్ను బెజవాడలో దొరకలేదు. ఒకాయన గేదె కొమ్ములోంచి తీసినట్టున్న తుప్పు ముక్క చూపించి ఇదే సార్ అన్నాడు. చివరికి కలకత్తా మల్లిక్ బజార్‌లో ఒక కొట్టుకి ఫోన్ చేశాను. అక్కడ దశాబ్దాల పాటు పసుపు టాక్సీలు అంబాసిడర్లే కాబట్టి అడిగిన మాట పూర్తి కాకముందే ఎన్ని కావాలన్నాడు. ఆరు రోజుల్లో కొరియర్ వచ్చింది.

గురువారం సాయంత్రం

ఖాళీ హౌసింగ్ బండి కిందే ఉంది. భాగాలు వచ్చేలోగా దాని కోటింగ్ గీకుదామని కూర్చున్నాను. గొట్టం మీద పైవైపు ఒక బొడిపె తగిలింది. నల్ల కోటింగ్ ముద్ద అనుకుని స్క్రూడ్రైవర్‌తో పెచ్చు లేపాను. లోపల ఇత్తడి రంగు మెరిసింది. బ్రీదర్!

కాసేపు అలాగే కూర్చుండిపోయాను. బండి నడిస్తే డిఫరెన్షియల్ వేడెక్కుతుంది, లోపలి గాలి పెరుగుతుంది. పెరిగిన గాలి ఈ ముక్కు లోంచి బయటికి పోవాలి. మూడేళ్ల కిందట నేనే దగ్గరుండి, డబ్బులిచ్చి, దాని ముక్కు మూయించాను. ముప్ఫై డిగ్రీల దగ్గర మూసిన పెట్టె ఎనభైకి వేడెక్కితే లోపలి ఒత్తిడి ఆరో వంతు పెరుగుతుంది, దాదాపు రెండున్నర పీఎస్‌ఐ. టైరుకి అది లెక్కే కాదు. కానీ సీలు పెదవి ఆయిల్ని ఆపడానికి చేసింది, గాలి ఒత్తిడిని ఆపడానికి కాదు. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ నుంచి ఆయిల్ని తోసేస్తుంది: ముందు పినియన్ దగ్గర, తర్వాత ఎడమ హబ్‌లో. ప్లగ్ విప్పినప్పుడు ఉస్సుమన్నది ఇదే. కనుమ నాడు ఊరంతా తిరిగి వేడి మీద ఆపిన బండి ముగ్గు మీద చుక్కలు పెట్టిందీ ఇందుకే.

పినియన్ సీలు రెండుసార్లు మార్పించింది కూడా కోటింగ్ తర్వాతే. తారీఖులు చూసుకున్నాను. ఆ మేస్త్రిని మనసులో ఎన్ని తిట్టానో!

కిరోసిన్లో రెండు రోజులు నానబెట్టి, సన్నటి తీగతో పొడిచి, నోటితో ఊది చూశాను. గాలి పోతోంది.

అయిదో ఆదివారం

బ్రీదర్ తెరిస్తే సీలు దానంతట అదే బాగుపడదు. పాత ఫ్లాంజ్ మెడ మీద సీలు పెదవి కూర్చునే చోట చుట్టూ గాడి. గోరు ఆగేంత లోతు. కొత్త సీలు వేసినా ఆ గాడిలోనే పడి పట్టు దొరకదు. లేత్ మేస్త్రి దగ్గరికి తీసుకెళితే మూడు దార్లు చెప్పాడు: వెల్డింగ్ చేసి మళ్లీ తిప్పడం, సీలుని రెండు మిల్లీమీటర్లు ముందుకి కూర్చోబెట్టి గాడి తప్పించడం, మెడ కొంచెం తరిగి పల్చటి గొట్టంలాంటి స్లీవ్ బిగించడం. వెల్డింగ్ వేడికి ఫ్లాంజ్ వంకర పోతుందని భయం. సీలు ముందుకి జరిపితే గూట్లో సగమే కూర్చుంటుంది. స్లీవ్ చేయించాను. చివర్లో సన్నటి ఎమరీ కాగితంతో నిగారింపు పెట్టాడు, గీతలు షాఫ్టు చుట్టూరా ఉండేలా. అడ్డదిడ్డంగా ఉంటే ఆ గీతలే ఆయిల్ని బయటికి మోస్తాయి. నేను చెప్పకుండానే చేశాడు. అలాంటివాళ్ల దగ్గర బేరం ఆడబుద్ధి కాదు.

పినియన్ బేరింగులు రెండూ కొత్తవి. ప్రెస్సు మీద తీయించి, కొత్తవి ఎక్కించాం. తల వెనకాల ఉండే వాషరు మాత్రం పాతదే, మైక్రోమీటరుతో కొలిచి రాసుకుని తిరిగి వేశాం. పినియన్ ఎంత లోతుకి కూర్చోవాలో నిర్ణయించేది అదే. ఈ రెండు గేర్లూ ఒకదానికొకటి అరిగి జత కుదిరిన ముసలి దంపతులు. ఇప్పుడు ఒకరి కుర్చీ జరిపితే ఇల్లంతా గోల.

బేరింగుల బిగువు ఎలా చూడాలి? కొత్త కార్లలో నలిగే గొట్టం ఉంటుంది, బిగించేకొద్దీ నలుగుతుంది. ఈ యాక్సిల్‌లో నలగని గట్టి గొట్టం (స్పేసరు), షిమ్ములు అనే పల్చటి రేకు వలయాలు. షిమ్ తీస్తే బిగువు పెరుగుతుంది, వేస్తే తగ్గుతుంది. పుస్తకం సీలు లేకుండా 10 నుంచి 12 పౌండ్-అంగుళాలంటుంది, మన లెక్కలో 11.5 నుంచి 13.8 కిలో-సెంటీమీటర్లు. దీనికో మీటరుంటుంది, నా దగ్గర లేదు. పాత పేపర్లు కొనేవాడి స్ప్రింగ్ త్రాసు అరువడిగాను. "దేనికి సార్?" అన్నాడు. చెప్పాను. అంతా విని, "పేపర్లు లేవన్నమాట" అన్నాడు.

ఫ్లాంజ్‌కి పురికొస చుట్టి, కొస త్రాసు కొక్కేనికి తగిలించి మెల్లగా లాగాలి. తాడు చుట్టిన చోట వ్యాసార్ధం 4 సెంటీమీటర్లు, కాబట్టి పినియన్ తిరుగుతున్నప్పుడు త్రాసు 2.9 నుంచి 3.4 కిలోల మధ్య చూపాలి. కదిలించడానికి కాదు, కదులుతున్నప్పుడు చూపేది లెక్క. మొదటిసారి ఒక్క కిలో. షిమ్ తీశాం, నాలుగున్నర. పల్చటిది వేశాం, రెండున్నర. ప్రతిసారీ పెద్ద నట్టు పూర్తిగా బిగించాలి, విప్పాలి. ఆరోసారి 3.1 దగ్గర ఆగింది. మేనల్లుడు అన్నం తినడానికి లేచిపోయాడు. అప్పటికి టైము మూడున్నర.

ఆరో ఆదివారం

కొత్త వాషర్లు, కొత్త పిన్నుతో గూడు బిగించాం. స్టార్ గేర్లు చేత్తో తిప్పితే తేనెలో గరిటె తిప్పినట్టు బిర్రుగా, నున్నగా తిరిగాయి. క్రౌన్ ఆట మళ్లీ చూస్తే 7, 7, 8, 8. ముట్టుకోలేదు.

ఇక పళ్ల ముద్ర. పాత మేస్త్రీలు దీనికి సింధూరం ఆయిల్లో కలిపి వాడేవాళ్లు. అది సీసం, చేతికి మంచిది కాదు. ఆయిల్ పెయింట్ ట్యూబులోంచి పసుపు రంగు తీసి నాలుగైదు క్రౌన్ పళ్లకి పల్చగా రాసి, పినియన్ తిప్పుతూ క్రౌన్‌ని గుడ్డతో పట్టి కొంచెం అడ్డుకున్నాం. ముద్ర పంటి మధ్యలో, కొంచెం లోపలి కొస వైపుకి, అండాకారంగా పడింది. బరువు పడ్డప్పుడు అది బయటి కొస వైపుకి కాస్త జరుగుతుంది కాబట్టి ఇలా ఉంటేనే మంచిది. ముద్ర పంటి శిఖరానికో మొదలుకో అతుక్కుని ఉంటే పినియన్ లోతు తప్పినట్టు. మా పాత వాషరు నమ్మకం నిలబెట్టింది.

అతుకుకి కాగితం గాస్కెట్ ఇంట్లోనే కోశాను. గాస్కెట్ షీటు హౌసింగ్ అంచు మీద పరిచి, గుండు సుత్తితో అంచు వెంట చిన్నగా కొట్టుకుంటూ పోతే కాగితం దానంతట అదే తెగుతుంది, బోల్టు రంధ్రాలు కూడా. ఈ ఒక్క పని రోజంతా చెయ్యమన్నా చేస్తాను.

ఎడమ హబ్‌కి కొత్త సీలు, రెండు వైపులా కొత్త బ్రేకు లైనింగులు. ఆయిలు తాగిన లైనింగుని పెట్రోల్లో కడిగి, కాల్చి వాడేవాళ్లున్నారు. నేను వాడను. కుడి వైపు హబ్ సీలు పొడిగానే ఉంది, అయినా డ్రమ్ము ఎలాగూ తీశాం కదా అని మార్చేశాను.

ఆయిలు హైపాయిడ్ 90, ఈపీ (తీవ్ర ఒత్తిడికి తట్టుకునే) రకం. ఎవరో ఇంజిన్ ఆయిలు పోసినా నడుస్తుందన్నారు. హైపాయిడ్ అంటే పినియన్ నడిరేఖ క్రౌన్ నడిరేఖ కన్నా కిందకి ఉంటుంది. పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, పొడుగునా జారతాయి. ఆ రాపిడిలో మామూలు ఆయిలు పొర తెగిపోతుంది. గంధకం వాసన వచ్చే ఆ మందు ఉంటేనే లోహం లోహాన్ని కరవదు. ఫిల్లర్ రంధ్రం నుంచి పొర్లే దాకా పోశాను. లీటరున్నర లోపే పట్టింది.

తర్వాతి శుక్రవారం

బందరు దాకా వెళ్లొచ్చాను. క్లచ్ వదిలితే "టక్" లేదు. మొదటి రెండు కిలోమీటర్లు దానికోసమే ఎదురుచూశాను, వినపడకపోతే ఏదో పోగొట్టుకున్నట్టుంది. టైరు మీద 22 ఉన్న ఆట ఇప్పుడు 7. రొద ముప్పావు వంతు తగ్గింది. అరవై దగ్గర తొక్కి పట్టుకుంటే సన్నగా ఉంది. అరిగిన పళ్ల రొద అది, కొత్త జత వేస్తే తప్ప పోదు. కొత్త జత దొరికితే అప్పటి సంగతి. రేడియో పెడితే వినపడదు.

ఇంటికి రాగానే వేడి మీద ఫిల్లర్ ప్లగ్ విప్పాను. ఉస్సు లేదు.

రాత్రి అట్టపెట్టె పరిచాను. పొద్దున్నే టార్చి పట్టుకుని వెళితే రెండు చుక్కలు. గుండె జారింది. వంగి చూస్తే అవి వెనక చక్రాల మధ్య లేవు, మీటరున్నర ముందుకి, క్లచ్ గూడు కింద ఉన్నాయి. వేలికి అద్దుకుని వాసన చూశాను. గంధకం లేదు, ఇంజిన్ ఆయిలు. ఈ బి సిరీస్ ఇంజిన్‌కి వెనకాల క్రాంక్ షాఫ్టు మీద రబ్బరు సీలే లేదు, ఆయిల్ని లోపలికి తిప్పి పంపే స్క్రూ గాడి ఒక్కటే. ఇంజిన్ ఆగాక ఆ గాడి పని చెయ్యదు. అందుకే క్లచ్ గూడు అడుగున కారేదానికి కంపెనీవాళ్లే ఒక రంధ్రం పెట్టి, అది పూడుకుపోకుండా అందులో ఒక పిన్ను వేలాడదీశారు.

ఆ రంధ్రం మీద కోటింగ్ పడిందేమోనని మాత్రం చూసి వచ్చాను. పడలేదు. ఉగాదికి పెద్దమ్మ వాళ్లింటికి వెళితే బండి రోడ్డు మీదే ఆపుతాను.